కారణం లేకుండా

బడి నుంచి గుట్టకింది తండాకు ఇరవై నిమిషాల నడక. ఆ మంగళవారం సంపూర్ణకు అది ఎంతకీ తరగలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒకే ఒక్క కాగితం. పత్తి చేల మధ్య దారి, ఎదురుగాలి. కవరు ఎగిరిపోతుందేమోనని రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని నడిచింది. ఎగిరిపోయినా బాగుండునని కూడా ఒకసారి అనుకుంది.

ఆ కాగితం మీద యశోద సంతకం పెట్టాలి. యశోద కూతురు సోనికి ఎనిమిదేళ్ళు. తల్లిదండ్రులు మిరప కోతలకు ఊళ్ళు పట్టుకుని తిరుగుతుంటే ఇన్నాళ్ళూ అడవి లోపల ఇంకో తండాలో నానమ్మ దగ్గర పెరిగి, ఈ జూన్‌లోనే బడిలో చేరింది. ఆ పిల్లను ఇక బడికి పంపనక్కర్లేదు, వారానికొకసారి స్పెషల్ సారే ఇంటికి వచ్చి చూస్తాడు, అందుకు తల్లిగా నాకు అభ్యంతరం లేదు. ఇదీ ఆ కాగితంలో ఉన్న సంగతి. పైన 'ఇంటివద్ద విద్య' అని పెద్ద అక్షరాలు. గురువారం జిల్లా నుంచి కోఆర్డినేటర్ సమీక్షకు వస్తోంది. ఆ రోజు ఇంటివద్ద చదివే పిల్లల జాబితా ఖాయమైతే మళ్ళీ వచ్చే ఏడాది దాకా ఎవరూ దాన్ని కదపరు.

సంతకాలు తెచ్చే పని సంపూర్ణకు ఎందుకొచ్చిందంటే, బడిలో అమ్మల కమిటీకి ఆమె అధ్యక్షురాలు. మధిర దగ్గర పుట్టి, ఖమ్మంలో డిగ్రీ చదివి, లైన్‌మెన్ సంసోనును చేసుకుని ఏన్కూరు దాటాక అడవి అంచున ఉన్న ఈ ఊరికి వచ్చింది. చదువుకుంది, చేతిరాత బాగుంటుంది, గొంతు పెంచి మాట్లాడదు అని అందరూ కలిసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. గొంతు పెంచదన్న మాట నిజమే గానీ, ఊరికే వదిలిపెట్టే మనిషి మాత్రం కాదు. చూపు, వినికిడి, మాట, బుద్ధి, వీటిలో ఏదో ఒక లోటున్న పిల్లలకు సాయం సరిగా అందేలా చూడండని ఈ ఏడాది కమిటీకి పని అప్పగించారు. మెట్ల పక్కన వాలు గట్టు కట్టించినప్పుడు సంపూర్ణ ఇంట్లోంచి టేపు తెచ్చి కొలిచింది. వాలు నిటారుగా ఉందని, మూడు చక్రాల బండి దాని మీద వెనక్కి జారుతుందని, మేస్త్రీ చేత పగలగొట్టించి మళ్ళీ కట్టించింది. బియ్యం బస్తాల గదిని ఖాళీ చేయించి, కిటికీ పెట్టించి, పొట్టి బెంచీలు వేయించి, దాన్ని స్పెషల్ గది చేసింది.

ఆ గదిలోనే మూడు వారాల కిందట పిల్లలకు పరీక్ష జరిగింది. బొమ్మల కార్డులు బల్ల మీద పరిచి ఒక్కొక్కటి అడగాలి. ఏది అడిగితే పిల్ల ఏం చేసిందో పక్కనుంచి ఒకరు రాయాలి. అడిగినవాడు ఇలాంటి పిల్లలకు పాఠం చెప్పే స్పెషల్ సారు షాలేమ్‌రాజు. ఇల్లందు కుర్రవాడు, సంపూర్ణ వాళ్ళ చర్చిలోనే పాటలు పాడతాడు, ఆమెను అక్కా అంటాడు. రాసినది సంపూర్ణ. రెండు రోజుల్లో పన్నెండు మంది పిల్లలు. తల్లి పక్కనుంటే పిల్ల తల్లి మొహం చూసి జవాబు చెబుతుందని తల్లులందరినీ గేటు బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. సంపూర్ణ తన కూతురి పాత నోటుబుక్కుల్లో ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాల మీద ముందు చిత్తు రాసుకుంది. ఇంటికి తెచ్చి, ఆ చిత్తును కుదించి, ఒక్కో పిల్లకు ఆరేడు వాక్యాల్లో శుభ్రంగా ప్రతి రాసి ఇచ్చింది. హెడ్మాస్టరమ్మ పద్మావతమ్మ వాటిని చూసి అచ్చు గుద్దినట్టున్నాయని మెచ్చుకుంది. సోనికి మిగతావాళ్ళ కంటే తక్కువ మార్కులు రావడానికీ, ఇంటివద్ద జాబితాలో పడడానికీ ఆ ఆరు వాక్యాలే ఆధారం.

తండా చేరేసరికి యశోద వాకిట్లో పత్తి ఆరబోస్తోంది. సంపూర్ణను చూడగానే లేచి మంచం వాల్చింది, నీళ్ళిచ్చింది. సంపూర్ణ కాగితం తీసి చదివి వినిపించింది. చదువుతున్నంతసేపూ యశోద కాగితం వైపు కాకుండా ఆమె నోటివైపే చూసింది.

"బడికి రావద్దంటున్నరా అక్కా?"

రావద్దని కాదని, సారే ఇంటికొస్తాడని, పిల్లకు అదే సుఖమని సంపూర్ణ చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే ఆఫీసు గొంతులా వినిపించింది. యశోద కొంచెంసేపు పత్తిలో చెత్త ఏరింది.

"పొద్దుగాల లేవంగనే సంచి ఏసుకొని గడప మీద కూసుంటది. దానికేం చెప్పాలె?"

సంపూర్ణ కాగితం మీద పెన్ను పెట్టి ముందుకు జరిపింది. యశోద అడగడం ఆపి, పెన్ను తీసుకుని, తనకు వచ్చిన మూడక్షరాలూ ఒత్తి ఒత్తి రాసింది. కాగితం కవరులోకి వెళ్ళింది. పని అయిపోయింది.

అప్పుడు యశోద పిల్లను పిలిచింది. సోని వాకిలి చివర మేకపిల్లకు ఆకు తినిపిస్తూ అటు తిరిగి ఉంది. తల్లి మామూలుగా పిలిస్తే పలకలేదు. రెండోసారి యశోద చప్పట్లు కొట్టి గట్టిగా కేకేసింది.

"సోనీ! అత ఆవ్!"

పిల్ల తిరిగింది. ఆకు కింద పడేసి వచ్చింది. చేతులు రెండూ పక్కలకు ఆనించి, బుద్ధిగా, తల్లికి ఒక చెయ్యి దూరంలో ఆగి నిలబడి మొహంలోకి చూసింది.

సంపూర్ణ ఆ రాకను ఇంతకు ముందు చూసింది. సరిగ్గా అలాగే, చేతులు పక్కలకు ఆనించి, ఒక చెయ్యి దూరంలో ఆగడం. స్పెషల్ గదిలో, షాలేమ్‌రాజు ముందు, నాలుగైదు సార్లు.

"ఇప్పుడేమని పిలిచావు యశోదా?"

"ఇటు రమ్మన్న."

"ఆవ్ అంటే?"

"మా లంబాడి మాటల రా అని." యశోదకు ఆమె ఎందుకు అడుగుతోందో తెలియలేదు. "తెలుగు దానికి అంగట్ల ఇన్నంత మట్టుకే తెలుసక్కా. మా అత్తకు తెలుగే రాదు."

మొదటిసారి పిలిస్తే ఎందుకు పలకలేదని సంపూర్ణ అడిగింది. నిరుడు వానల్లో చెవిలో చీము కారిందని, నూనె కాచి పోశామని, తగ్గిపోయిందని యశోద చెప్పింది. అప్పటినుంచి కొంచెం గట్టిగా పిలవాలి, అంతే.

తిరుగుదారిలో సంపూర్ణ ఎంత జల్దీ నడిచిందో ఆమెకే తెలియదు. నోట్లో ఒకటే మాట తిరుగుతోంది. ఆవు ఏది. ఆవు ఏది. చెవి మందగించి మాట మొదలు మాత్రమే వినపడే పిల్లకు, ఇంట్లో 'ఆవ్' అంటే రా అని తెలిసిన పిల్లకు, బొమ్మల కార్డుల్లో మొట్టమొదటిది ఆవు.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా చిత్తు కాగితాల కోసం వెతికింది. ప్రతిలో ఏముందో ఆమెకు కంఠతా వచ్చు. "సూచనలు పాటించలేదు. కారణం లేకుండా పదేపదే లేచి వచ్చింది. చాలా ప్రశ్నలకు స్పందన లేదు." చిత్తులో ఏముందో మాత్రం గుర్తులేదు. చిత్తులో ప్రతి మాటా ఉంటుంది. అది తన అలవాటు. ఆ 'కారణం లేకుండా' అన్న రెండు మాటలు చిత్తులో ఉన్నాయా, లేక ప్రతి రాసేటప్పుడు వాక్యం నిండుగా ఉండాలని తాను చేర్చిందా?

బల్ల సొరుగులో లేవు. బీరువా కింద లేవు. కూతురి పుస్తకాల మధ్య లేవు. చివరికి గుర్తొచ్చి వంటింట్లోకి పరుగెత్తింది. క్రిస్మస్ దగ్గరికొస్తోందని పోయిన వారమే సున్నం వేయించి, అరల్లో పాత కాగితాలు తీసేసి కొత్తవి పరిచింది. పరిచినవి ఆ చిత్తులే. మిగిలినవి నీళ్ళపొయ్యిలోకి పోయాయి.

ఒక్కో డబ్బా దించి చూసింది. సోని చిత్తు నాలుగు పేజీలు ఉండాలి. రెండు దొరికాయి. ఒకటి చింతపండు జాడీ కింద, ఒకటి నూనె డబ్బా కింద. నూనె డబ్బా కిందది సగం పారదర్శకంగా మారి, వెనకవైపు లెక్కల అంకెలు కూడా ఇటు కనిపిస్తున్నాయి. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుని చదివింది.

'సారు: ఆవు ఏది? పాప: లేచి వచ్చి సారు ముందు నిలబడింది. సారు: కూర్చో. సారు: ఆవు ఏదమ్మా? పాప: మళ్ళీ లేచి వచ్చింది. సారు భుజం పట్టి కూర్చోబెట్టారు. సారు: మేక ఏది? పాప: మేక బొమ్మ మీద వేలు పెట్టింది. సారు: అవ్, అవ్, శభాష్. పాప: లేచి వచ్చింది. సారు: ఊకే లేస్తవేంది, కూర్చో. సారు: కుక్క ఏది? పాప: సారు వైపు చూసింది. కదల్లేదు. సారు: కోడి ఏది? పాప: కదల్లేదు.'

సంపూర్ణ మూడుసార్లు చదివింది. సరిగ్గా జవాబు చెబితే సారు 'అవ్' అన్నాడు. ఈ పక్కవాళ్ళు అవును అనడానికి అనే మాటే. పిల్లకు మాత్రం అది రమ్మన్న పిలుపు. పిలిచాడు కదా అని వెళితే కోప్పడి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఆ పిల్ల ఏ బొమ్మ మీదా వేలు పెట్టలేదు. అంతా తాను కళ్ళారా చూసింది, చేత్తో రాసింది. దొరికిన రెండు పేజీల్లో ఎక్కడా 'కారణం లేకుండా' అని లేదు.

సాయంత్రం సంసోను వచ్చేసరికి అన్నం పొయ్యి మీద మాడింది. విషయం విని అతను ముందు స్పెషల్ సారు ఉద్యోగం సంగతి అడిగాడు. షాలేమ్‌రాజు కాంట్రాక్టు మార్చిలో మళ్ళీ రాస్తారని, రాసేది ఆ కోఆర్డినేటరేనని, సంపూర్ణకూ తెలుసు. తమ ఇంట్లో తిని వెళ్ళే కుర్రవాడే. సంతకం చేసిన కాగితాన్ని నలగకుండా బైబిల్లో పెట్టింది గానీ, అది అక్కడ ఉందన్న సంగతి ఆ రాత్రంతా ఆమెను పడుకోనివ్వలేదు.

బుధవారం షాలేమ్‌రాజు వచ్చే రోజు. స్పెషల్ గదిలో అతను ఫైళ్ళకు దారాలు కడుతుంటే సంపూర్ణ నూనె కాగితం ముందు పెట్టి, తండాలో ఆవ్ అంటే రమ్మనడమని చెప్పింది. అతను చదివాడు. మొదట నవ్వాడు.

"ఏంది, హిందీల ఆవో అన్నట్టా?"

తర్వాత నవ్వలేదు. రెండోసారి చదివి, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"అక్కా, నీకు దండం. నాలుగు మండలాలు బండి మీద తిరుగుతున్న. రేపు పొద్దుగాల మీటింగు పెట్టుకొని ఇప్పుడు తిరగేస్తే ఏమంటరు? పిల్లకు ఏ భాష వస్తదో అడగకుంట కార్డులు చూపిచ్చినవా అని నన్నే అంటరు."

"నన్ను కూడా అంటారు. కారణం లేకుండా అని రాసింది నేను."

"నువ్వు జీతం తీసుకుంటలేవు గద."

అతనన్నది నిజమే. పోయేది ఏదైనా ఉంటే అతనికే పోతుంది. తనకు మహా అయితే కుర్చీ పోతుంది, ఆ కుర్చీ తాను అడిగింది కాదు. అయినా కాగితం మాత్రం అతని చేతిలోంచి వెనక్కి తీసుకుంది. రేపు తాను చదువుతానని, అతన్ని ఏమీ అనమని కోరడం లేదని చెప్పింది. షాలేమ్‌రాజు దారం ముడి వేస్తూ తలెత్తలేదు.

పద్మావతమ్మ దగ్గర పని ఇంకా కష్టమైంది. సత్తుపల్లి వైపు మనిషి, ఇంకో ఆర్నెల్లలో రిటైర్ అవుతుంది, ఎవరినీ నొప్పించి ఎరగదు. సంతకం కూడా అయిపోయాక మళ్ళీ ఎందుకు కదిలించడమని నెమ్మదిగా అడిగింది. అందరి ముందూ మీ తప్పు మీరే చెప్పుకుంటారా సంపూర్ణమ్మా అంది. చివరికి పది నిమిషాలు ఇప్పించగలనేమో చూస్తానంది. యశోదను రమ్మనడానికి సంపూర్ణే మళ్ళీ తండాకు నడిచింది. తప్పు ఎక్కడ జరిగిందో విన్నాక యశోద ఆమెను తిడుతుందనుకుంది. యశోద తిట్టలేదు. పిల్లకు ఏ గౌను వెయ్యమంటారని అడిగింది. తిడితేనే నయమనిపించింది.

గురువారం కోఆర్డినేటర్ నాగలత పదకొండు దాటాక వచ్చింది. ఇంకా మూడు బడులు చూడాల్సి ఉందని వస్తూనే చెప్పింది. వాలు గట్టు చూసింది, కిటికీ చూసింది, బాగుందంది. సంపూర్ణ చెప్పడం మొదలుపెట్టేసరికి ఆమె అప్పటికే జాబితా మీద సగం దాకా వచ్చేసింది. నూనె కాగితాన్ని వేలి కొసలతో పట్టుకుని చదివి, కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

"మీరు రాసింది మీరే కాదంటున్నారు."

"ఈ చిత్తు నేను చూసింది మేడమ్. ఆ ప్రతిలో ఉన్నది నేను అనుకున్నది."

నాగలత షాలేమ్‌రాజు వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. అయితే ఇప్పుడే నా ముందు ఒకసారి అడగండి, చూద్దాం అంది ఆమె.

సోనిని తెచ్చి పొట్టి బెంచీ మీద కూర్చోబెట్టారు. నూనె రాసి బిగించిన జడలు, ఉతికిన గౌను, భుజానికి సంచి. సంచి తియ్యమంటే తియ్యలేదు. యశోదను ఈసారి గది లోపలే, తలుపు పక్కన నిలబడనిచ్చారు. షాలేమ్‌రాజు కార్డులు పరిచాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆవు ఏది?"

సోని లేవలేదు.

అతను మళ్ళీ అడిగాడు. పిల్ల లేవలేదు, బొమ్మ చూపలేదు, బల్ల వైపే చూస్తూ కూర్చుంది. నాగలత చేతి గడియారం చూసుకుంది. పద్మావతమ్మ చిన్నగా దగ్గింది. రెండు రోజులుగా సంపూర్ణ అన్నీ ఊహించుకుంది గానీ ఇది ఊహించలేదు. పిల్ల లేవకపోతే ఏమిటన్న ప్రశ్నే ఆమెకు రాలేదు. తాను పొరబడిందా? ఒక మాట పట్టుకుని కథ అల్లిందా? ఆ తల్లిని అనవసరంగా ఇక్కడిదాకా లాక్కొచ్చిందా?

అప్పుడు పిల్ల చేతులు కనిపించాయి. రెండు చేతులూ బెంచీ అంచును పట్టుకుని ఉన్నాయి. వేళ్ళు ఎంత బిగించి పట్టుకుందంటే గోళ్ళ కింద రక్తం పోయి తెల్లబడ్డాయి. ఒళ్ళు ముందుకు ఒరిగి ఉంది, చేతులు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతున్నాయి.

"చేతులు చూడండి మేడమ్," అంది సంపూర్ణ. "లేవాలనే ఉంది. లేస్తే తిడతారని నేర్చుకుంది. మనమే నేర్పాం."

నాగలత చూసింది. వాళ్ళమ్మను అడగనివ్వండి, ఒక్కసారి, అని సంపూర్ణ బతిమాలింది. సరే అన్నట్టు నాగలత తల ఊపింది. యశోద తలుపు దగ్గర్నుంచే, అందరి ముందూ సిగ్గుపడి, లోగొంతుతో అంది.

"గావడి."

పిల్లకు వినపడలేదు. తల కూడా తిప్పలేదు. నాగలత ఆ సంగతి ఏదో రాసుకుంది. ముందుకొచ్చి మొహం కనపడేలా గట్టిగా చెప్పమంది. యశోద వచ్చి బల్లకు అవతల కూర్చుంది.

"గావడి, సోనీ. గావడి!"

సోని బెంచీ అంచు మీద నుంచి ఒక చెయ్యి తీసింది. పన్నెండు కార్డుల్లోంచి ఆవు బొమ్మ మీద వేలు పెట్టి, తల్లి వైపు కాదు, సారు వైపు చూసింది.

"అవ్, అవ్!" అన్నాడు షాలేమ్‌రాజు. అతను కావాలని అనలేదు. రోజూ యాభైసార్లు అనే మాట, నోటికి దానంతటదే వచ్చింది. అన్న మరుక్షణం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

సోని రెండో చెయ్యి కూడా తీసింది. ఒకసారి తల్లిని చూసింది. లేచి, బల్ల చుట్టూ తిరిగి, చేతులు పక్కలకు ఆనించి, అతనికి ఒక చెయ్యి దూరంలో వచ్చి నిలబడింది. నిలబడి, భుజాలు దగ్గరికి ముడుచుకుంది, నొక్కి కూర్చోబెడతాడని.

షాలేమ్‌రాజు ఆమెను కూర్చోమనలేదు. తానే కుర్చీలోంచి జారి నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏమనాలో అతనికి తెలియడం లేదు. చివరికి యశోద వైపు తిరిగి, బాగా చెప్పినవ్ అని మీ మాటల ఎట్లంటరని అడిగాడు. యశోద చెప్పింది. అతను రెండుసార్లు తప్పుగా పలికాక మూడోసారి పిల్ల ముడుచుకున్న భుజాలు కొంచెం దిగాయి.

మిగతా కార్డులు యశోద అడిగింది. పన్నెండింటిలో ఎనిమిది చూపింది. తొమ్మిదోది ఓడ. ఓడ బొమ్మను ఆ పిల్లే కాదు, వాళ్ళమ్మ కూడా గుర్తుపట్టలేదు. నాగలత మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే తేల్చి చెప్పింది కూడా. ఎనిమిది వచ్చినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు, చెవి సంగతి తేలాలి, సోమవారం ఖమ్మం పెద్ద దవాఖానాలో పరీక్ష చేయించాలి, ఆ కాగితం వచ్చేదాకా పేరు ఇంటివద్ద జాబితాలోంచి పక్కన పెడతాను, తీసెయ్యడం లేదు, పక్కన పెడుతున్నాను, మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తాను. అప్పటిదాకా పిల్ల ముందు బెంచీలో కూర్చోవాలి, సారు మొహం చూపించి మాట్లాడాలి, తల్లి దగ్గర యాభై మాటలు రాయించుకుని నేర్చుకోవాలి. షాలేమ్‌రాజు అన్నిటికీ తల ఊపాడు. మార్చి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడం మంచికో చెడుకో అతనికీ తెలియదు, సంపూర్ణకూ తెలియదు.

ప్రతి మళ్ళీ రాయమన్నారు. సంపూర్ణ అక్కడే కూర్చుని రాసింది. ఆరు వాక్యాలు కాదు, రెండు పేజీలయ్యాయి. యశోద సంతకం చేసిన పాత కాగితాన్ని నాగలత అడ్డంగా గీత కొట్టి ఫైల్లోనే ఉంచింది. జీపు ఎక్కబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"మిగతా పిల్లల ప్రతులు కూడా మీరే రాశారా?"

"అవునండి. పదకొండు మందివి."

నాగలత జీపెక్కి తలుపు వేసుకుంది. జీపు వెళ్ళిపోయింది.

గేటు దగ్గర యశోద పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. రేపు బడికి పంపాలా అని అడిగింది. పంపమని సంపూర్ణ చెప్పింది. సోమవారం పొద్దున ఏడింటి బస్సుకు తానూ వస్తానంది. తీరా అక్కడ ఏమంటారో, చెవి పూర్తిగా పోయిందంటే ఏమిటో, తనకు తోచలేదు. తల్లీకూతుళ్ళిద్దరూ పత్తి చేల దారి పట్టారు. పిల్ల వెనక నడుస్తోంది. తల్లి పది అడుగులకోసారి వెనక్కి తిరిగి పిల్ల మొహంలోకి చూసి పిలుస్తోంది, అంతదూరం నుంచి మాట వినపడకపోయినా ఏ మాటో సంపూర్ణకు తెలుసు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన సంసోను వంటింటి గడప దగ్గరే ఆగిపోయాడు. అరల్లో ఒక్క డబ్బా లేదు. ఉప్పు, పప్పు, కారం, బెల్లం, ఆవకాయ జాడీ, అన్నీ నేల మీద ఉన్నాయి. వాటి నడుమ సంపూర్ణ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్ళో పసుపు మరకలు, నూనె మరకలు పడ్డ కాగితాలు.

"డబ్బాలన్నీ ఎందుకు దించినవ్?"

"చదవాలి," అంది ఆమె తలెత్తకుండా. "పదకొండు మందివీ. కొన్ని పొయ్యిలో పోయాయి."

అతను తానే పళ్ళెం కడుక్కుని వడ్డించుకున్నాడు. సంపూర్ణ మొదటి కాగితాన్ని మోకాలి మీద పెట్టి చేత్తో నిమిరి సాపు చేసింది. తన రాతే. అక్షరం మీద అక్షరం ఎక్కకుండా గుండ్రంగా, అందంగా ఉంది. మొదటి మాట కింద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.